రాటర్‌డామ్ బ్రేక్‌బల్క్‌లో స్టాల్ పెట్టాలా? మొదటిసారైతే వద్దంటాను

20 యాక్సిల్ లైన్లున్న (భారీ ట్రైలర్ల చక్రాల వరసలు) కంపెనీ వాళ్ళు, పనంతా విశాఖ పోర్టు చుట్టూనే, ఈసారి బ్రేక్‌బల్క్ యూరప్‌లో (కంటైనర్లలో పట్టని భారీ సరుకు రవాణా వాళ్ళ ఎగ్జిబిషన్) స్టాల్ పెడితే ఓడీసీ పనులు, అంటే మామూలు లారీ కొలతలు దాటిన సరుకు మోసే పనులు, దొరుకుతాయా అని అడిగారు. మొదటిసారికి వద్దండీ, విజిటర్‌గా వెళ్ళిరండి చాలు.

మేం ఇలాగే దుబాయ్‌లో ఒక షోకి స్టాల్ కట్టి, నున్నటి కాగితం బ్రోచర్లు రెండు అట్టపెట్టెలు మోసుకెళ్ళాం. వచ్చినవాళ్ళలో చాలామంది మాలాగే పని వెతుక్కునేవాళ్ళు, మిగతావాళ్ళు పెన్నులు పట్టుకెళ్ళారు. రెండో రోజు విసుగొచ్చి స్టాల్ మా అకౌంటెంట్‌కి వదిలేసి హాల్లో తిరుగుతుంటే ఒక జర్మన్ ఫార్వార్డర్ (సరుకు యజమాని తరఫున రవాణా అంతా కుదిర్చేవాడు) కాఫీ ఇచ్చి ఒకే ప్రశ్న అడిగాడు: మీ పోర్టు గేటు నుంచి సైటు దాకా ఎన్ని రైల్వే గేట్లు దాటాలి?

మేం మోసిన ఒక ట్రాన్స్‌ఫార్మర్ కోసం ఆ రూట్ సర్వే నేనే బైక్ మీద తిరిగి చేశాను కాబట్టి నోట్‌బుక్‌లో గీసి చూపించాను. ట్రాన్స్‌ఫార్మర్ ఎత్తు 4 మీటర్లు, కింద హైడ్రాలిక్ యాక్సిల్ డెక్ ఇంకో మీటరు పైచిలుకు, మొత్తం 5 దాటింది. రైల్వే గేటు దగ్గర హైట్ గేజ్ (బండి ఎత్తుకి హద్దు పెట్టే అడ్డకమ్మీ) అంతకన్నా తక్కువే. అంటే రైల్వే వాళ్ళు పవర్ బ్లాక్ ఇచ్చి పైన తీగల్లో కరెంటు ఆపేదాకా బండి అక్కడే, ఆ తేదీ మన చేతిలో ఉండదు, ఆ రోజుల కిరాయి ఎవరిదో కొటేషన్‌లోనే రాసుకోవాలి. నాలుగు నెలలకి అతని దగ్గర్నుంచి ఎంక్వైరీ వచ్చింది. అది రేటు దగ్గర తప్పిపోయింది (మేమే కాస్త ఎక్కువ వేశాం లెండి), తర్వాతది దక్కింది.

ఓడలూ క్రేన్లూ ఇలాంటి విదేశీ ఫార్వార్డర్ల దగ్గర బోలెడు. వాళ్ళకి తెలియంది మన పోర్టు దాటాక ఉండే రోడ్డు. అందుకని బ్రోచర్లు మానేసి, మీరు చేసిన ఒక్క పని డ్రాయింగూ, యాక్సిల్ లోడ్ లెక్కా, లాషింగ్ ప్లానూ (సరుకుని బండికి ఎలా కట్టారో), దారిలో వంతెనల ఫోటోలూ ట్యాబ్‌లో పెట్టుకెళ్ళండి. ఎవరిని కలవాలో నెల ముందే మెయిల్ పెట్టి టైమ్ తీసుకోండి, అక్కడికెళ్ళి పలకరిద్దాం అనుకుంటే ఎవరూ దొరకరు.

బ్రేక్‌బల్క్ యూరప్ అంతకుముందు యాంట్‌వెర్ప్‌లో, తర్వాత బ్రెమెన్‌లో జరిగేది, 2022 నుంచి రాటర్‌డామ్‌లోని అహోయ్ ఎగ్జిబిషన్ హాల్లో. మూడు రోజులు, మే లేదా జూన్‌లో. షెంగెన్ వీసా స్లాట్లకి వేసవిలో రద్దీ కాబట్టి ఫిబ్రవరిలోనే మొదలుపెట్టండి. కొత్త బండ్లు చూడటానికే అయితే అంత దూరం ఎందుకు, బెంగళూరులో జరిగే నిర్మాణ యంత్రాల షో ఎక్స్‌కాన్ చాలు.