గ్రాండ్ కాన్యన్ నుంచి మోయాబ్‌కి వెళ్లే రోజు

అమ్మలూ, నీ ప్లాన్ చూశాను. అంతా బాగానే ఉంది కానీ అరిజోనాలోని సౌత్ రిమ్ (గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు) నుంచి యూటాలోని మోయాబ్ వెళ్లే రోజునే సూర్యోదయం, మాన్యుమెంట్ వ్యాలీ లోపలి రోడ్డు, సాయంత్రం మోయాబ్ దగ్గరి డెలికేట్ ఆర్చ్ అనే రాతి కమాను దాకా కొండెక్కడం, అన్నీ కుక్కేశావు. ఆర్చ్ మర్నాటికి తోసెయ్. దారి దాదాపు 320 మైళ్లు, మ్యాప్ ఆరు గంటలంటుంది, పిల్లలూ ఇండియా నుంచి వచ్చిన మీ అత్తమామలూ బండిలో ఉంటే పది అనుకో.

పైగా మీరు వెళ్లేది జూన్‌లో, ఒక గంట ఊరికే పోతుంది. అరిజోనాలో వేసవికి గడియారం మార్చరు, అదే రాష్ట్రంలో ఉన్న నవాహో నేషన్‌లో (నవాహో తెగవాళ్ల సొంత ప్రాంతం) మారుస్తారు, యూటాలోనూ మారుస్తారు. దారిలో ఫోన్ టైమ్ మారిపోతుంటే టెన్షన్ పడకు, పొద్దున్నే యూటా లెక్క వేసుకుని బయల్దేరు.

డెజర్ట్ వ్యూ మీదుగా వెళ్లండి, తెల్లవారుజామున ఆ రోడ్డు మీదకి ఎల్క్‌లు (పెద్ద దుప్పులు) వస్తాయి, మెల్లగా పోనీ. క్యామెరాన్ దాటాక ట్యూబా సిటీలో, కయెంటాలో గ్యాస్ (పెట్రోల్) దొరుకుతుంది; ట్యాంకు సగం ఉన్నా సరే కయెంటాలో నింపేసెయ్. సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకో.

మాన్యుమెంట్ వ్యాలీ నవాహోల సొంత పార్కు, నీ నేషనల్ పార్క్ పాస్ అక్కడ చెల్లదు. లోపలి 17 మైళ్లూ మట్టిరోడ్డే, మీ మామగారి నడుముకి అసలు వద్దు. విజిటర్ సెంటర్ ముందు నిలబడితేనే ఆ పెద్ద కొండలు మూడూ కనిపిస్తాయి, నన్నడిగితే అది చాలు. అక్కణ్ణించి మెక్సికన్ హ్యాట్ వైపు వెళ్తుంటే జనం నడిరోడ్డు మీద నిలబడి ఫొటోలు దిగుతుంటారు, మీరు మాత్రం పక్కన బండి ఆపుకుని అక్కణ్ణించే ఫొటోలు తీసుకోండి.

ఇక అసలు సంగతి. మీ అత్తగారు బాత్‌రూమ్ అని నోరు తెరిచి అడగరు. అడగాల్సి వస్తుందని నీళ్లే తాగడం మానేస్తారు, ఆ ఎండలో అది ప్రమాదం. అందుకని ఆవిడని అడగకుండా నువ్వే ప్రతి గంటన్నరకీ, బాత్‌రూమ్ ఉన్నచోట, "నాకు కాళ్లు పట్టేశాయి" అని ఆపెయ్. మామగారి షుగర్ మాత్రలు డిక్కీలో కాదు, చేతిసంచిలో. పులిహోర కలిపి పెట్టుకో, పెరుగన్నం అయితే ఐస్ బాక్స్‌లోనే, కారులో వేడికి గంటలో పులిసిపోతుంది.

ఆ ప్రాంతంలో గుర్రాలూ ఆవులూ రోడ్డు మీదకి వచ్చేస్తాయి, చీకట్లో దగ్గరికి వచ్చేదాకా కనబడవు, కాబట్టి వెలుగుండగానే చేరాలి. కళ్లు మూతలు పడుతుంటే బ్లాండింగ్‌లో ఆగి అల్లుడికి స్టీరింగ్ ఇచ్చెయ్. రెంటల్ కాగితాల్లో డ్రైవర్‌గా అతని పేరు కూడా ఉందో లేదో ఇప్పుడే చూడు.