పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నా మళ్లీ మళ్లీ అడుగుతోంది!

ప్రశ్న: సార్, కడప ఏడు రోడ్ల దగ్గర మాది చిన్న ఫోటో స్టూడియో. పెళ్లి ఫోటోలన్నీ నెలనెలా అద్దె కట్టే ఒక సర్వర్‌లో పెడుతున్నాం. ఆ ఫోల్డర్ బ్రౌజర్‌లో బాగానే తెరుచుకుంటుంది. విండోస్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో నెట్‌వర్క్ డ్రైవ్‌గా పెట్టుకుందామంటే మాత్రం ఎన్నిసార్లు పాస్‌వర్డ్ కొట్టినా మళ్లీ అదే అడుగుతుంది. మా తమ్ముడు ఏదో వీడియో చూసి తన లాప్‌టాప్ రిజిస్ట్రీలో, అంటే విండోస్ లోపలి సెట్టింగులు ఉండే చోట, 'బేసిక్ ఆత్ లెవల్' అనేదాన్ని 2 చేస్తే వచ్చింది గానీ, పెద్ద వీడియోలు కాపీ కావడం లేదు, సైజు ఎక్కువైందంటోంది. శ్రావణం వస్తే పెళ్లిళ్లు మొదలు, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ పాస్‌వర్డ్‌లో తప్పేమీ లేదు, దాన్ని మార్చుకుంటూ కూర్చోకండి. డ్రైవ్ పెట్టేటప్పుడు ఇచ్చిన అడ్రస్ చూడండి, మొదట్లో హెచ్‌టీటీపీ అని మాత్రమే ఉందా, దాని వెనక ఎస్ కూడా ఉందా? మీ తమ్ముడు చేసిన మార్పుతో పని జరిగిందంటే ఎస్ లేనట్టే. ఇలాంటి ఫోల్డర్లు వెబ్‌డావ్ అనే పద్ధతిలో నడుస్తాయి. ఎస్ లేని అడ్రస్‌లో పాస్‌వర్డ్ దాదాపు విప్పి చూపించినట్టే వెళ్తుంది, దారిలో ఎవరైనా చదివేయొచ్చు, అందుకే విండోస్ దాన్ని అసలు పంపదు. పంపలేదని చెప్పినా బాగుండేది, అదీ చెప్పకుండా మళ్లీ అడుగుతుంది. నేనూ ఒకసారి ఒక మధ్యాహ్నమంతా ఇలాగే పాస్‌వర్డ్ కొడుతూ కూర్చున్నాను, చివరికి చూస్తే ఆ ఒక్క అక్షరమే.

ఎస్ లేకపోయినా పాస్‌వర్డ్ పంపెయ్యమని చెప్పేదే ఆ 2, దాన్ని ఈ రోజే తిరిగి 1 చేయమనండి. మీ దగ్గరున్నవి జనం నమ్మి ఇచ్చిన ఇంటి ఆడపిల్లల ఫోటోలు, పాస్‌వర్డ్ బయటపడితే అవన్నీ బయటపడ్డట్టే. సర్వర్ వాళ్లకు ఫోన్ చేసి, అడ్రస్‌లో ఆ ఎస్ రావడానికి కావలసిన సర్టిఫికెట్ పెట్టమని అడగండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ లాంటి సంస్థలు ఉచితంగానే ఇస్తున్నాయి కాబట్టి ఖర్చు అంటే ఒప్పుకోకండి. అప్పుడు ఎస్ ఉన్న అడ్రస్‌తో డ్రైవ్ మళ్లీ పెట్టుకోండి. అయినా రాకపోతే విండోస్ సర్వీసెస్‌లో, ఇలాంటి వెబ్‌డావ్ డ్రైవ్‌లను నడిపే 'వెబ్‌క్లయింట్' నడుస్తోందో లేదో చూసి, ఆగి ఉంటే స్టార్ట్ చేయండి.

ఇక వీడియోలు. ఈ అడ్డు సర్వర్‌ది కాదు, విండోస్‌దే. మామూలుగా 5 కోట్ల బైట్లు, అంటే 50 ఎంబీ లోపు ఫైళ్లనే రానిస్తుంది. రిజిస్ట్రీలో వెబ్‌క్లయింట్ కింద పారామీటర్స్‌లో 'ఫైల్ సైజ్ లిమిట్ ఇన్ బైట్స్' ఉంటుంది, తెరిచి డెసిమల్ ఎంచుకుని 4294967295 వేసి కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. దాంతో 4 జీబీ దాకా వెళ్తాయి, అంతకు మించి కుదరదు. పెళ్లి వీడియో ఒక్కటే అంతకంటే పెద్దది కావచ్చు కదా, పైగా మైక్రోసాఫ్ట్ 2023 నవంబర్‌లోనే ఈ వెబ్‌క్లయింట్‌ను ఇక వదిలేస్తున్నట్టు ప్రకటించింది. అందుకని పెద్ద ఫైళ్లకు విన్‌ఎస్‌సీపీ అనే ఫైళ్లు పంపే ప్రోగ్రామ్ వాడండి. ఉచితమే, వెబ్‌డావ్ అడ్రస్ ఇస్తే చాలు.

ఒక్క జాగ్రత్త. డ్రైవ్‌లోకి కాపీ చేసేటప్పుడు ఆకుపచ్చ గీత చకచకా చివరిదాకా వెళ్లి అక్కడ ఆగిపోయినట్టు కనిపిస్తుంది. ఫైలు ముందు మీ కంప్యూటర్‌లోనే ఒక చోట చేరి, ఆ తర్వాత నెట్ మీద వెళ్తుంది కాబట్టి అలా అవుతుంది. కంగారుపడి ఆపేయొద్దు. ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి ఆ వీడియో చివరిదాకా ఆడుతోందో లేదో చూసుకున్నాకే కెమెరా కార్డు ఫార్మాట్ చేయండి.