ముందు నిలబడటం, తర్వాతే నడక

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

తాగుడు మానేశాక కూడా అల్లుడుగారు ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకోగానే తూలి కుళాయి పట్టుకున్నారని రాశావు. అసలు సంగతంతా అక్కడే ఉంది. తాగుడు ముందుగా పొడవైన నరాలను దెబ్బతీస్తుంది. అందుకే తిమ్మిరి కాలివేళ్ల దగ్గర మొదలవుతుంది. పాదం ఎటు వాలిందో పాదానికే తెలియనప్పుడు ఆ పని కళ్లు చేస్తాయి. కళ్లు మూసినా, రాత్రి కరెంటు పోయినా ఆ ఆసరా ఉండదు. మళ్లీ తాగాడని ఇరుగుపొరుగు అంటే అననీ. మానేసినవాళ్లు కూడా ఇలాగే తూలతారు.

పొద్దున్నే వంశధార గట్టు దాకా నడిపిస్తున్నానన్నావు. కొన్నాళ్లు అది ఆపు. నడక మంచిదే, కానీ నడిచినంత మాత్రాన నిలకడ రాదు. పైగా ఎగుడుదిగుడు దారి. ముందు వంటగట్టు దగ్గర, పగటి వెలుతురులో నిలబెట్టు. వెనక బరువైన కుర్చీ ఉండాలి. నేల తడిగా ఉండకూడదు. లుంగీ కాళ్లకు తగలకూడదు. కాళ్లకు మడమ పట్టీ ఉన్న చెప్పులుండాలి, హవాయి చెప్పులు వద్దు.

గట్టు మీద రెండు చేతులూ ఆనించి, పాదాలు దగ్గరగా పెట్టి నిలబడమను. అది కుదిరాక ఒక పాదం సగం ముందుకు. ఆ తర్వాత ముందు పాదం మడమ వెనక పాదం వేళ్లకు ఆనేలా, రెండూ ఒకే గీత మీద. మొదట పది సెకన్లు, మెల్లగా ముప్పై. తూలకుండా నిలబడగలిగితే ఒక చేయి తీయాలి, తర్వాత ఒక్క వేలు ఆనిస్తే చాలు. నువ్వు పక్కన, కాస్త వెనకగా నిలబడు. తూలితే నడుము పట్టుకో, చేయి పట్టి లాగకు. కళ్లు మూసి చేయించే వ్యాయామాలు మాత్రం ఇంట్లో వద్దు. బరంపురం పెద్దాసుపత్రికి వెళ్లినప్పుడు ఫిజియోథెరపీ వాళ్లే చూసి చెబుతారు.

గట్టు పట్టుకునే మడమలు పైకెత్తి దించాలి. తర్వాత మడమల మీద నిలబడి వేళ్లు ఎత్తాలి. ఈ రెండోది బద్ధకించనివ్వకు, వేళ్లు లేవకపోతేనే గడప తన్నుకుని పడేది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం ఎనిమిది పదిసార్లు. వారానికి కనీసం మూడు రోజులు చేయించు, నిలబడే సాధన రోజూ చేసినా మంచిదే. ఫలితం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. చచ్చుబడిన నరాన్ని వ్యాయామం బతికించలేదు. మిగిలిన కండనీ కంటినీ పనిలో పెడుతుంది, అంతే. పడే ముప్పు తగ్గితే నాకదే చాలు.

మంచం మీంచి ఒక్క ఉదుటున లేవనివ్వకు. ఈ నరాల జబ్బులో లేవగానే బీపీ పడిపోవచ్చు, కాళ్లు వేలాడేసి కాసేపు కూర్చోవాలి. రాత్రి బాత్రూం దారిలో చిన్న బల్బు వెలిగించి ఉంచు. పడుకునే ముందు అరికాళ్లు నువ్వే చూడు, ముల్లు గుచ్చుకున్నా ఆయనకు తెలియదు.

బి1 విటమిన్ డాక్టరు చెప్పినంత కాలం ఆపవద్దు. మాట తడబడినా, ఎక్కడున్నారో తెలియకపోయినా, ఒకటి రెండుగా కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లు. "ఒక గ్లాసు జీలుగు కల్లు బలమే" అనే బంధువులకు నా పేరు చెప్పి దండం పెట్టు. ఎప్పుడైనా మళ్లీ మొదలుపెట్టి రోజూ తాగే దాకా వస్తే ఇంట్లో ఒక్కసారిగా మాన్పించకు, వణుకు, ఫిట్స్ రావచ్చు. డాక్టరు చేతుల మీదుగానే మాన్పించాలి.

ఈ ఏడు రథయాత్ర గుంపులోకి తీసుకెళ్లకు, అరుగు మీంచి చూస్తే చాలు. వచ్చే ఉత్తరంలో ఒక్క వేలు ఆనించి ఎంతసేపు నిలబడుతున్నారో రాయి.

పెద్దమ్మ