జెండా వారిదే, పెట్టె తాళం మరొకరిది

ప్రశ్న: బ్రిటన్ మాదిరిగా అమెరికా తన పొరుగు దేశాలను వలసలుగా మార్చుకోలేదు కదా! మరి కరీబియన్ ప్రాంతంపై దాని పెత్తనం ఎలా సాగింది?

జవాబు: 1898లో స్పెయిన్ నుంచి స్వాధీనం చేసుకున్న ప్యూర్టోరికో, 1917లో డెన్మార్క్ వద్ద కొన్న వర్జిన్ దీవులను పక్కన పెడితే మీరన్నది నిజమే. మిగిలిన చోట్ల సైన్యం దిగడానికి ముందే చాలాసార్లు అప్పుల పద్దు వచ్చింది.

డొమినికన్ రిపబ్లిక్ సంగతి చూడండి. ఐరోపా రుణదాతల బాకీలు తీర్చలేక ఆ దేశం చేతులెత్తేసినప్పుడు, వసూలు కోసం ఐరోపా యుద్ధనౌకలు వస్తాయన్న భయాన్ని చూపి, అమెరికా ఖండాల వ్యవహారాల్లో ఐరోపా జోక్యం కూడదన్న 1823 నాటి మన్రో సిద్ధాంతానికి అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 1904లో కొత్త భాష్యం చెప్పారు. దారి తప్పిన పొరుగు దేశాల్లో జోక్యం చేసుకునే అధికారం అమెరికాదేనన్నది దాని సారాంశం. మరుసటి ఏడాది నుంచే రేవుల్లోని సుంకం వసూళ్లు అమెరికా నియమించిన అధికారి చేతికి వెళ్లాయి. అందులో నూటికి 45 వంతులు అక్కడి ప్రభుత్వానికి, 55 వంతులు అప్పులవాళ్లకు. దిగుమతి సుంకాలే ప్రధాన ఆదాయమైన దేశంలో ఇక అధ్యక్షుడికి మిగిలే అధికారమెంతో ఊహించవచ్చు. అయినా అశాంతి చల్లారలేదని 1916లో సైన్యమే దిగి, 1924 దాకా ఉంది. (అప్పులు తెచ్చి సొంతానికి వాడుకున్న స్థానిక పాలకులూ ఈ కథలో నిర్దోషులేమీ కారు.)

హైతీలో ఇంకాస్త మొరటుగా జరిగింది. 1914 డిసెంబరులో అమెరికా మెరైన్ సైనికులు రాజధాని పోర్టోప్రిన్స్‌లోని జాతీయ బ్యాంకు నుంచి 5 లక్షల డాలర్ల బంగారాన్ని యుద్ధనౌకలో న్యూయార్క్‌కు తరలించారు. మరుసటి ఏడాది మొదలైన సైనిక ఆక్రమణ 1934 వరకు సాగింది.

క్యూబా విషయంలో చట్టమే ఆయుధమైంది. అమెరికాకు జోక్యం చేసుకునే హక్కునిచ్చే ప్లాట్ సవరణను రాజ్యాంగంలో చేరిస్తేనే సైన్యం వెనక్కు వెళ్తుందని 1901లో షరతు పెట్టారు. ఆ సవరణ 1934లో రద్దయినా క్యూబా తీరంలో అమెరికా కౌలుకు తీసుకున్న గ్వాంటనామో నౌకాస్థావరం మాత్రం మిగిలిపోయింది. ఇరుపక్షాలూ ఒప్పుకుంటేనో, అమెరికా తానే ఖాళీ చేస్తేనో తప్ప ఆ కౌలు ముగియదని అదే ఏడాది ఒప్పందంలో రాసుకున్నారు. అందుకే విప్లవం తర్వాత క్యూబా ఏటా వచ్చే 4,085 డాలర్ల చెక్కులను, 1959లో మార్చుకున్న ఒక్కటి తప్ప, తీసుకోకపోయినా కౌలు చెల్లుతూనే ఉందని అమెరికా వాదిస్తోంది.