అందరూ ఆడే బలమైన డెక్‌ని మనకు నచ్చిన డెక్‌తో ఎలా ఓడించాలి?

మీరు అడిగింది ఇదీ: మీ షాపులో పోకెమాన్ కార్డ్ గేమ్ ఆడేవాళ్ళలో సగం మంది ఒకటే డెక్ (60 కార్డుల కట్ట) తెస్తున్నారు. మీరు ప్రతివారం రెండు మూడు కార్డులు మార్చి చూస్తున్నారు, అయినా ఓడిపోతున్నారు. ఆ డెక్కే కొనుక్కోమని అందరూ అంటున్నారు, మీకేమో మీ డెక్ వదలబుద్ధి కావడం లేదు. నాకు అచ్చం ఇదే జరిగింది, 2022 సెప్టెంబరు నుంచి 2023 మార్చి దాకా. అప్పటి కార్డులు ఇప్పుడు స్టాండర్డ్‌లో (ఇటీవలి కార్డులతోనే ఆడే పద్ధతిలో) చెల్లవు గానీ, నాకు దారి దొరికిన తీరు చెప్తే మీకు పనికొస్తుంది.

నేను డాలస్ దగ్గర ఉంటాను. మా అబ్బాయికి 11 ఏళ్ళప్పుడు వాడికి తోడుగా మొదలుపెట్టి నేనూ ఇందులో మునిగిపోయాను. శుక్రవారం సాయంత్రాలు షాపులో 5 రౌండ్ల టోర్నమెంట్, 16 మంది దాకా వచ్చేవాళ్ళం. నా డెక్ ఆర్సియస్ వీస్టార్, దానికి జోడీగా డురాలుడాన్ వీమ్యాక్స్. డురాలుడాన్‌కి స్కైస్క్రేపర్ అనే ఎబిలిటీ (కార్డు మీద రాసున్న ప్రత్యేక శక్తి) ఉంది: స్పెషల్ ఎనర్జీ (దాడికి కావాల్సిన ఎనర్జీ కార్డుల్లో ప్రత్యేక రకం) తగిలించుకున్న పోకెమాన్ ఏది కొట్టినా దానికి దెబ్బ తగలదు. 330 హెచ్‌పీ, అంటే అంత దెబ్బ తట్టుకుంటుంది, పైగా వీక్‌నెస్ (దెబ్బని రెట్టింపు చేసే బలహీనత) లేదు. ముందుకొచ్చి నిలబడిందంటే కోటగోడే. ఆ గోడంటే నాకు ప్రాణం.

ఎదుటివాళ్ళ దగ్గర మ్యూ వీమ్యాక్స్. మిగతా 15 మందిలో 6 మంది అదే తెచ్చేవారు. బెంచ్ (వెనక వరస) మీద జెనెసెక్ట్ వీ కార్డులు మూడు పెట్టుకుని, వాటి ఎబిలిటీతో టర్న్‌కి మూడుసార్లు కార్డులు లాగేవాళ్ళు. వాళ్ళ ఎనర్జీ అంతా స్పెషల్ ఎనర్జీయే కాబట్టి, మ్యూ వీమ్యాక్స్ సొంత దాడి మ్యాక్స్ మిరకిల్‌ని తప్ప మిగతావాటిని లెక్కప్రకారం నా గోడ ఆపాలి. ఆపలేదు. రెండో చెయ్యి ఆడేవాడికి మొదటి టర్న్‌లోనే కొట్టే వీలుంటుంది. వాళ్ళ ఇంకో పోకెమాన్ మెలొయెట్టాతో 210 దెబ్బ, ఒక పవర్ టాబ్లెట్ కార్డు కలిస్తే 240, నా ఆర్సియస్ వీ హెచ్‌పీ 220. గోడ లేచేలోపే రెండు ప్రైజులు (ఎదుటి పోకెమాన్‌ని పడగొడితే తీసుకునే కార్డులు, ఆరూ తీసుకున్నవాళ్ళదే గెలుపు) పోయేవి. గోడ లేచాక కూడా బాసెస్ ఆర్డర్స్ వేసి వెనకున్న ఆర్సియస్‌ని ముందుకు లాగి కొట్టేవాళ్ళు. డురాలుడాన్‌ని ముట్టుకోకుండానే ఆట అయిపోయేది.

అప్పుడు నేను చేసిన పనే మీరూ ఇప్పుడు చేస్తున్నారని నా అనుమానం. మ్యూ మీద పనికొస్తుందని ఎవరు ఏ కార్డు చెప్పినా డెక్‌లో పెట్టేశాను. పాత్ టు ద పీక్ అనే స్టేడియం (బల్ల మధ్యలో ఉండి ఇద్దరికీ వర్తించే కార్డు) 3, డ్రాపియన్ వీ 1, ఇంకో రెండు మూడు. వాటికి చోటు కావాలి కాబట్టి నా డెక్‌ని నడిపించే కార్డులు, రెండు క్విక్ బాల్‌లు, ఒక మార్నీ, క్రిస్టల్ కేవ్‌లన్నీ తీసేశాను. తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టయింది. నా ఆర్సియస్ రెండో టర్న్‌కి నిలబడటమే మానేసింది. మ్యూ సంగతి అలా ఉంచండి, అంతకుముందు తేలిగ్గా గెలిచే డెక్‌ల మీద కూడా ఓడిపోయాను.

ఒక ఆట మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. అవతల మ్యూ వీమ్యాక్స్ ఒక్క దెబ్బ కూడా తినకుండా 310 హెచ్‌పీతో ముందుంది, వెనక జెనెసెక్ట్‌లు మూడు. నా చేతిలో డ్రాపియన్ వీ, స్విచ్ రెండూ ఉన్నాయి. డ్రాపియన్ దాడికి 4 ఎనర్జీలు కావాలి, కానీ ప్రత్యర్థి దగ్గరున్న ఒక్కో ఫ్యూజన్ స్ట్రైక్ ముద్ర ఉన్న పోకెమాన్‌కి ఒక్కో ఎనర్జీ తగ్గుతుంది. అక్కడ మ్యూతో కలిపి నాలుగున్నాయి. అంటే ఎనర్జీ ఏమీ లేకుండానే 190, మ్యూకి డార్క్ వీక్‌నెస్ కాబట్టి 380. ఒక్క దెబ్బకి మూడు ప్రైజులు. డ్రాపియన్‌ని బెంచ్ మీద పెట్టి, స్విచ్ వేసి ముందుకు తెచ్చి, డైనమిక్ టెయిల్ అన్నాను. ఎదురుగా ఉన్న కుర్రాడు ఏమీ అనకుండా బల్ల మధ్యలో ఉన్న స్టేడియం మీద వేలు పెట్టాడు. పాత్ టు ద పీక్. రూల్ బాక్స్ (వీ, వీమ్యాక్స్, వీస్టార్ లాంటి కార్డుల మీద ప్రత్యేక నియమం రాసుండే పెట్టె) ఉన్న పోకెమాన్‌ల ఎబిలిటీలన్నీ ఆపేస్తుంది, ఇద్దరివీ. డ్రాపియన్ వీకీ రూల్ బాక్స్ ఉంది. ఎనర్జీ తగ్గడమన్నది దాని ఎబిలిటీయే. ఆ స్టేడియం వేసింది నేనే. పక్కన నిలబడి చూస్తున్న మా వాడు మెల్లగా, "నాన్నా, అది ఉంటే నీ స్కైస్క్రేపర్ కూడా పనిచెయ్యదు కదా" అన్నాడు.

నిజమే. మూడు వారాలుగా నా గోడని నేనే కూలగొట్టుకుంటున్నాను.

ఆ రాత్రి ఇంటికెళ్ళాక చేసిన పనే నా ఆట మార్చింది, మీరు అన్నిటికంటే ముందు చెయ్యాల్సిందీ అదే. కాగితం ముక్కల మీద కార్డుల పేర్లు రాసి స్లీవ్‌లలో పెట్టి మ్యూ డెక్ తయారుచేశాం. నా డెక్ మా వాడికిచ్చి, మ్యూ నేను ఆడాను. వారంలో పన్నెండు ఆటలు. ఎదుట కూర్చున్నప్పుడు ఆ డెక్ ఎంతకీ ఆగని యంత్రంలా కనిపించేది. చేతిలోకి తీసుకుంటే దాని భయాలు తెలిశాయి. చేతిలోకి కార్డులు రావాలంటే జెనెసెక్ట్‌లు పెట్టాలి. జెనెసెక్ట్‌లు పెట్టేకొద్దీ డ్రాపియన్‌కి దాడి తేలికవుతుంది. అదీ ఆ డెక్ ఆయువుపట్టు. దాన్ని బలంగా నడిపించేదే దాన్ని పట్టిస్తోంది. అంటే నాకు కావాల్సిన కార్డు మొదటినుంచీ నా దగ్గరే ఉంది. దాన్ని సరైన టర్న్‌లో అందుకునే దారి మాత్రం లేదు.

ఆ దారి కూడా డెక్‌లోనే ఉంది! ఆర్సియస్ వీస్టార్‌కి ఆటలో ఒక్కసారి వాడే స్టార్‌బర్త్ ఉంది, డెక్‌లోంచి ఏవైనా రెండు కార్డులు తెచ్చుకోవచ్చు. డ్రాపియన్ ఒకటి, స్విచ్ ఒకటి. కాబట్టి డ్రాపియన్‌ని ముందే బెంచ్ మీద పెట్టి బాసెస్ ఆర్డర్స్‌కి బలివ్వక్కర్లేదు. కొట్టే టర్న్ దాకా డెక్‌లోనే దాచొచ్చు. పాత్‌లు మూడూ తీసేశాను. క్విక్ బాల్‌లు, మార్నీ, క్రిస్టల్ కేవ్‌లు తిరిగొచ్చాయి. చివరికి పాత డెక్‌కీ కొత్తదానికీ తేడా మూడు కార్డులే: డ్రాపియన్ వీ, అదనంగా ఒక స్విచ్, ఎదుటివాళ్ళు పాత్ వేస్తే తీసెయ్యడానికి ఒక లాస్ట్ వాక్యూమ్.

ఇక్కడ లెక్క కొంచెం చూడాలి. 60 కార్డుల్లో ఒక్కటే ఉన్న కార్డు మొదటి 7 కార్డుల్లో రావడానికి అవకాశం 12 శాతంలోపే. రెండుంటే 22, మూడుంటే 31, నాలుగుంటే 40 దాకా. అదీగాక ఆ ఒక్కటీ 6 ప్రైజ్ కార్డుల్లో ఇరుక్కునే అవకాశం సరిగ్గా పదింట ఒకటి. అందుకని మొదటి టర్న్‌లోనే కావాల్సిన కార్డు ఒక్కటి పెట్టుకుని ఆశపడటం దండగ, మూడో నాలుగో పెట్టాలి. మూడో టర్న్‌కి వెతికి తెచ్చుకోగలిగిన కార్డయితే ఒక్కటి చాలు.

రెండో లెక్క మీ షాపుది. ఇంటర్నెట్‌లో పెద్ద టోర్నమెంట్ల లిస్టులు చూడండి, తప్పులేదు, కానీ శుక్రవారం మీ ఎదుట కూర్చునేది వాళ్ళు కాదు. 15 మందిలో 6 మంది మ్యూ ఆడితే 5 రౌండ్లలో సుమారు రెండుసార్లు తగులుతుంది. ఆటల ఫలితాలు రాసుకునే నా నోటుపుస్తకం ప్రకారం ఈ మార్పుతో మ్యూ మీద పదికి మూడు గెలిచేవాణ్ణి ఆరు గెలిచే స్థాయికి వచ్చాను. రెండు రౌండ్లలో 0.6 గెలుపు లాభం. మిగతా మూడు రౌండ్లలో ఆ కార్డుల వల్ల 5 శాతం చొప్పున నష్టమనుకున్నా 0.15. అదే షాపులో మ్యూ ఒక్కడే ఉంటే లాభం 0.1, నష్టం 0.23. అప్పుడు ఆ కార్డు ఎంత గొప్పదైనా ఇంట్లో పెట్టి రావాలి. మన రమ్మీలో ఎదుటివాడు ఏం ఎత్తుతున్నాడో ఏం పారేస్తున్నాడో చూసినట్టు, షాపులో ఎవరు ఏం ఆడుతున్నారో నాలుగు వారాలు రాసుకోండి.

ఏ కార్డులు తీసెయ్యాలన్నది కూడా పుస్తకమే చెప్తుంది. ఆట ముగిసేసరికి చేతిలో వాడకుండా మిగిలిన కార్డుల పేర్లు రాసేవాణ్ణి. ఇరవై ఆటలకి మూడో బిగ్ చార్మ్ (హెచ్‌పీ పెంచే కార్డు) పేరు తొమ్మిదిసార్లు వచ్చింది. అది మొదట పోయింది.

ఇంకో సంగతి నేను ఊహించలేదు. నా దగ్గర డ్రాపియన్ ఉందని షాపులో తెలిసిపోయాక మ్యూ ఆడేవాళ్ళు మూడో జెనెసెక్ట్ పెట్టడానికి వెనకాడటం మొదలుపెట్టారు. అంటే వాళ్ళ చేతిలోకి వచ్చే కార్డులు తగ్గాయి. డ్రాపియన్ ప్రైజుల్లో ఇరుక్కున్న ఆటల్లో కూడా అది నా తరఫున పనిచేసింది.

2022 నవంబరులో లూగియా వీస్టార్ వచ్చింది, లెక్క మళ్ళీ తిరగబడింది. దాని ఎనర్జీలన్నీ స్పెషలే కాబట్టి నాలుగు వారాలు నా గోడ రాజ్యమేలింది. తర్వాత వాళ్ళు యివెల్టల్ ఒకటి పెట్టుకొచ్చారు. అది డ్యామేజీ లెక్కే లేకుండా ముందున్న పోకెమాన్‌ని నేరుగా నాకౌట్ చేసేస్తుంది, స్కైస్క్రేపర్ దాన్ని ఆపదు. ఈసారి కంగారుపడి కార్డులు మార్చలేదు, ముందు లూగియా డెక్ నేనే ఆడి చూశాను. అది కదలాలంటే ఆర్కియాప్స్ అనే పోకెమాన్ ఎనర్జీ అందించాలి. ఆర్కియాప్స్‌ని డిస్కార్డ్ (పారేసిన కార్డుల కుప్ప) నుంచి పైకి తెచ్చే లూగియా శక్తి సమనింగ్ స్టార్ ఆటలో ఒక్కసారే. కాబట్టి నేను లూగియాతో తలపడటం మానేసి, బాసెస్ ఆర్డర్స్‌తో ఆర్కియాప్స్‌లని లాగి ఆర్సియస్ 200 దెబ్బతో ఒక్కొక్కటే తీసేశాను. రెండూ పోయాక యివెల్టల్‌కి ఎనర్జీ ఇచ్చేవాళ్ళుండరు. ఆ మార్పుకి ఒక్క కార్డు కూడా కొనలేదు.

ఆ డెక్కే కొనేయమనేవాళ్ళ మాట పూర్తిగా తప్పని నేను అనను. మ్యూ వీమ్యాక్స్ 2023 ఆగస్టులో యోకోహామాలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా గెలిచింది, అంత సత్తా ఉన్న డెక్ అది. కానీ మీ డెక్ ఏ టర్న్‌లో ఎక్కడ తడబడుతుందో మీకు తెలిసినంత వాళ్ళకి తెలియదు. కొత్త డెక్‌తో ఆ జ్ఞానం మళ్ళీ మొదటినుంచీ సంపాదించుకోవాలి.

మీ 60 కార్డుల లిస్టు, మిమ్మల్ని ఓడిస్తున్న డెక్ పేరు, ఓడిన చివరి మూడు ఆటల్లో ఏ టర్న్‌లో ఆట చెయ్యి దాటిపోయిందో రాయండి. మా వాడు ఇప్పుడు నాకంటే బాగా ఆడతాడు, ఇద్దరం కూర్చుని చూసి చెప్తాం.