రోరోస్ పట్టణాన్ని చూస్తే ఆ వారసత్వ ప్రదేశమంతా చూసినట్టేనా?

కాదు, నార్వేలోని రోరోస్‌కు 1980లో దక్కిన యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు 2010 నుంచి చుట్టుపక్కల గనులకూ, కొలుముల స్థలాలకూ, పొలాలకూ, చలికాలపు రవాణా దారికీ కూడా వర్తిస్తుంది.

ఇందుకు కారణం రాగి. 1644లో ఇక్కడ ఖనిజం బయటపడగా, 1646లో రాజు నాలుగవ క్రిస్టియన్ గని చుట్టూ దాదాపు 45 కిలోమీటర్ల వ్యాసార్ధంలోని ఖనిజం, అడవి, నీటిపై రాగి కంపెనీకి హక్కులిచ్చాడు. రాగిని కరిగించడానికి కట్టెబొగ్గు విపరీతంగా కావాలి కాబట్టి, దగ్గరి అడవులు తరిగిపోయేకొద్దీ కొలుములను కలప దొరికే దూరప్రాంతాలకు తరలించి, గడ్డకట్టిన సరస్సుల మీదుగా గుర్రపు స్లెడ్జిలతో సరుకు తోలేవారు. 1977లో కంపెనీ దివాలా తీసేదాకా ఊరు, పరిసరాలు ఒకే వ్యవస్థగా నడిచాయి.

ఉదాహరణకు, పట్టణానికి సుమారు 13 కిలోమీటర్ల దూరంలోని ఓలావ్ గనిలోకి గైడుతో దిగితే తప్ప ఆ పని ఎలాంటిదో అర్థం కాదు. లోపల ఏడాది పొడవునా 5 డిగ్రీలే ఉంటుంది గనుక జూలైలో వెళ్లినా స్వెటర్ తప్పనిసరి.

వరుస చెక్క ఇళ్లను చూసి చాలామంది ఊరంతా మ్యూజియమే అనుకుంటారు, కానీ వాటిలో నేటికీ జనం కాపురముంటున్నారు. ఇళ్ల వెనుక కనిపించే నల్లటి గుట్టలు కూడా సహజమైన కొండలు కావు, రాగి తీయగా మిగిలిన చిట్టెం. నా దృష్టిలో ఊళ్లో ముందుగా చూడవలసినవి అవే.