కోడ్ ఎడిటర్‌కి మన మాట ఎంత అర్థమవుతోంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కోడ్ ఎడిటర్ల (ప్రోగ్రాములు రాసుకునే సాఫ్ట్‌వేర్) గురించి ఏదైనా అడగండి అని పోయిన సంచికలో రాశాను. ఉత్తరాలు బాగానే వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేసి ఐదింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: సార్, నేను కాకినాడలో బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాను. మా క్లాసులో అందరం వీఎస్ కోడే వాడతాం. విమ్ రాకపోతే వేస్ట్ అని మా సీనియర్ అంటున్నాడు, ఈమధ్య హీలిక్స్ అని ఇంకోటి మొదలుపెట్టాడు. దేన్ని పట్టుకోవాలి? (విద్యార్థిని, కాకినాడ)

జవాబు: ముందు టెన్షన్ పక్కన పెట్టండి. మీరు ఏ ఎడిటర్ వాడతారో చూసి ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఎవరూ ఉండరు. కానీ మీ సీనియర్ చెప్పిన రెండింటి మధ్య ఉన్న తేడా నాకు చాలా ఇష్టమైన విషయం, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

విమ్‌కి మూలం వీఐ అనే ఎడిటర్. 1976లో బిల్ జాయ్ దాని పని మొదలుపెట్టారు. ఆయన వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌లో బాణం గుర్తులు హెచ్, జె, కె, ఎల్ కీల మీదే అచ్చు వేసి ఉండేవి, ఎస్కేప్ కీ ఇప్పుడు మనకి ట్యాబ్ ఉన్న చోట ఉండేది. విమ్ నేర్పేవాళ్లు ఈ రోజుకీ కర్సర్‌ని ఆ నాలుగు అక్షరాలతో కదపమనడానికి కారణం ఆ పాత కీబోర్డే. 1991లో బ్రామ్ మూలెనార్ విమ్‌ని విడుదల చేశారు, వీఐ పద్ధతి అందులోనూ కొనసాగింది.

ఆ పద్ధతికి ఒక వ్యాకరణం ఉంది. పదం తీసెయ్యాలంటే ముందు డి, తర్వాత డబ్ల్యూ నొక్కాలి, అంటే "తీసెయ్, పదాన్ని" అన్నట్టు. ముందు క్రియ, ఆ తర్వాత కర్మ. కకూన్ అనే ఎడిటర్ దీన్ని తిప్పేసింది, హీలిక్స్ అదే దారిలో వెళ్లింది. వాటిలో ముందు డబ్ల్యూ నొక్కితే పదం ఎంపికై కళ్లెదుట వెలుగుతుంది, అప్పుడు డి నొక్కితే పోతుంది. "పదాన్ని తీసెయ్." మనం ఇంట్లో మాట్లాడే వరుస ఇదే కదా, క్రియ ఎప్పుడూ చివర్నే! పోయేది ఏమిటో పోకముందే కనిపిస్తుంది, అసలు లాభం అది. విమ్‌లో మూడు పదాలు అనుకుని నాలుగు తీసేస్తే ఆ సంగతి తీసేశాకే తెలుస్తుంది. విమ్‌లోనూ ముందు ఎంచుకుని తర్వాత పని చేసే విజువల్ మోడ్ ఉంది, కాకపోతే అక్కడ దానికి వేరే మోడ్‌లోకి వెళ్లాలి, హీలిక్స్‌లో మామూలు దారే అది.

నా సలహా ఏమిటంటే వీఎస్ కోడ్ మానకండి, రోజుకి ఓ అరగంట హీలిక్స్‌లో చిన్న ప్రోగ్రాములు రాయండి. ఆఫీసు సర్వర్లలో ఎక్కువగా దొరికేది మాత్రం వీఐ లేదా విమ్, కాబట్టి ఫైల్ తెరవడం, మార్చడం, సేవ్ చేసి బయటికి రావడం దాంట్లో కూడా నేర్చుకోండి.

ప్రశ్న: ఒక కోట్ మార్కు మూయడం మర్చిపోతే పాత ఎడిటర్‌లో కింద ఫైల్ అంతా రంగు మారిపోయేది. ఇప్పటి ఎడిటర్లలో అంత గందరగోళం కనిపించట్లేదు. లోపల ఏం మారింది? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: పాత పద్ధతిలో ఎడిటర్‌కి తెలిసింది అక్షరాల నమూనాలే. కోట్ కనిపిస్తే అక్కడినుంచి స్ట్రింగ్ (కోట్ల మధ్య రాసే మాటలు) మొదలైనట్టు, ఇంకో కోట్ వచ్చేదాకా అదే రంగు. కోడ్ అర్థం దానికి పట్టదు.

ట్రీ-సిట్టర్ అనే ప్రోగ్రామ్ ఈ పద్ధతిని మార్చింది. గిట్‌హబ్ వాళ్ల ఆటమ్ ఎడిటర్ కోసం మ్యాక్స్ బ్రన్స్‌ఫెల్డ్ రాశారు. ఫైల్ మొత్తానికి ఒక చెట్టులాంటి నిర్మాణం కట్టి పెట్టుకుంటుంది: ఇది ఫంక్షన్ (ఒక పని చేసే కోడ్ ముక్క), దాని లోపల ఇది షరతు, షరతులో ఇది పోలిక. మీరు ఒక్క కీ నొక్కితే మొత్తం మళ్లీ చదవదు, మార్పు తగిలిన కొమ్మలనే సరిచేసుకుంటుంది. సగం రాసిన, తప్పులున్న కోడ్‌ని కూడా వదిలెయ్యకుండా, తప్పు ఉన్న చోటికి తప్పు అని గుర్తుపెట్టి, మిగతా భాగాన్ని వీలైనంతవరకు అర్థం చేసుకుంటుంది. మనం కోడ్ రాసేటప్పుడు అది ఎక్కువసేపు సగంలోనే ఉంటుంది కదా, అందుకని ఈ ఓర్పు చాలా పెద్ద గుణం. రంగులు ఒక్కటే కాదు, కర్సర్ ఉన్న పదం నుంచి ఎంపికను పెంచుకుంటూ పోతే పదం, ఆ వాక్యం, ఆ ఫంక్షన్ అని చెట్టు ఎక్కినట్టు ఎక్కొచ్చు. ఆటమ్‌ని 2022 డిసెంబర్‌లో ఆపేశారు, కానీ ట్రీ-సిట్టర్ నియోవిమ్, హీలిక్స్, జెడ్ లాంటి చాలా ఎడిటర్లలో బతికే ఉంది.

రెండోది ఎల్‌ఎస్‌పీ, అంటే లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్. ఒక ప్రోగ్రామింగ్ భాష తెలిసిన సర్వర్ అనే ప్రోగ్రామ్, ఎడిటర్ మాట్లాడుకునే పద్ధతి ఇది. మైక్రోసాఫ్ట్ 2016లో ప్రకటించింది. అంతకుముందు పది ఎడిటర్లు, ఇరవై భాషలు ఉంటే ఎవరికి వాళ్లు రాసుకోవాల్సిన జతలు రెండు వందలు. ఇప్పుడు భాషకి ఒక సర్వర్, ఎడిటర్‌కి ఒక క్లయింట్, మొత్తం ముప్పై చాలు. చిన్న బృందం చేసిన కొత్త ఎడిటర్‌లో కూడా మొదటి రోజు నుంచే పేరు మార్చడం, నిర్వచనం దగ్గరికి వెళ్లడం పనిచేస్తున్నాయంటే ఆ పుణ్యం దీనిదే.

ప్రశ్న: మా యాప్‌లో తెలుగు మాటలు కోడ్‌లోనే రాస్తాం. ఆ లైన్లలో కర్సర్ అక్షరం మధ్యలో ఆగుతోంది, ఎర్ర గీత తప్పు లేని చోట పడుతోంది. మా కంప్యూటర్లదా లోపం? (స్టార్టప్ ఉద్యోగి, విజయవాడ)

జవాబు: మీ కంప్యూటర్ల తప్పు కాదండీ. "స్త్రీ" అనే మాట తీసుకోండి. మన కంటికి ఒకే అక్షరం. అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్‌లో సంకేతాలు ఇచ్చే యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం, మొత్తం ఆరు సంకేతాలు. వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటి మూడు బైట్లు, కలిపి పద్దెనిమిది. ఒకే అక్షరాన్ని ఒకరు ఒకటి అంటారు, ఒకరు ఆరు అంటారు, ఇంకొకరు పద్దెనిమిది అంటారు. మీ రెండు సమస్యలూ ఇక్కడే పుట్టాయి.

యూనికోడ్ పాత నియమం ప్రకారం "స్త్రీ" మూడు ముక్కలు: స్, త్, రీ. ఆ నియమం పాటించే ఎడిటర్‌లో బాణం కీ మూడుసార్లు నొక్కితేగానీ ఆ అక్షరం దాటదు. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలని ఒకే ముక్కగా లెక్కపెట్టమంది. మీ ఎడిటర్ ఇంకా పాత లెక్కలోనే ఉండొచ్చు, కొత్త వెర్షన్ పెట్టి చూడండి. బ్యాక్‌స్పేస్ మాత్రం ఒక్కో సంకేతాన్నే చెరిపితే నాకు ఇష్టం, "రీ"లో గుణింతం తప్పు పడితే అక్షరమంతా కొట్టేసి మళ్లీ టైప్ చేసే బాధ ఉండదు.

ఎర్ర గీత సంగతి వేరు. ఎల్‌ఎస్‌పీలో లైన్లో స్థానాన్ని మామూలుగా యూటీఎఫ్-16 అనే ఇంకో పద్ధతి లెక్కలో చెప్పాలి, అందులో "స్త్రీ" ఆరు. సర్వర్ పొరపాటున బైట్లు లెక్కపెడితే పద్దెనిమిది అంటుంది, గీత పన్నెండు స్థానాలు కుడికి జరిగిపోతుంది. ఇంగ్లీషు అక్షరాలు ఏ లెక్కలో చూసినా ఒకటే కాబట్టి, అవి మాత్రమే వాడి పరీక్షించేవాళ్లకి ఈ తప్పు ఎప్పటికీ కనపడదు. ప్రోటోకాల్ 3.17 నుంచి ఏ లెక్క వాడాలో ఎడిటర్, సర్వర్ ముందే మాట్లాడుకునే వీలుంది. దయచేసి ఆ సర్వర్ రాసినవాళ్లకి "స్త్రీ" ఉన్న ఒక లైన్ జతచేసి బగ్ రిపోర్ట్ పెట్టండి. మనం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? ఇప్పటికి తెలుగు మాటలన్నిటినీ వేరే ఫైల్లోకి మార్చుకుంటే మీ పని కూడా సులువవుతుంది.

ప్రశ్న: పిల్లలకి స్క్రాచ్‌లో ప్రోగ్రామింగ్ దిమ్మెలు పేర్చడం నేర్పుతున్నాను. అందులో సింటాక్స్ తప్పు, అంటే రాసే తీరులో తప్పు, రానే రాదు. పెద్దవాళ్ల ఎడిటర్లు కూడా అలా ఎందుకు ఉండవు? (ఉపాధ్యాయురాలు, గుంటూరు)

జవాబు: ప్రయత్నాలు జరిగాయమ్మా, చాలా ముందే. 1980ల మొదట్లో కార్నెల్ యూనివర్సిటీలో టైటెల్‌బామ్, రెప్స్ చేసిన ఎడిటర్‌లో షరతు కావాలంటే ఖాళీలతో ఒక అచ్చు వచ్చేది, ఆ ఖాళీలు పూరించాలి. అలా రాసిన నిర్మాణం ఎప్పుడూ సరిగ్గానే ఉండేది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, అనుభవం ఉన్నవాళ్లు కోడ్ మార్చేటప్పుడు ముందు పాడుచేసి తర్వాత బాగుచేస్తారు, బ్రాకెట్ ఇక్కడ తీసి అక్కడ పెడతారు. ఆ మధ్యలో తప్పు ఉండనివ్వని ఎడిటర్ వాళ్ల చేతులు కట్టేసినట్టు ఉంటుంది.

మిషిగన్ యూనివర్సిటీలో సైరస్ ఒమర్ బృందం చేస్తున్న హేజెల్ నాకు ఆశ కలిగిస్తోంది. రాయని చోట ఒక ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీకి కూడా అర్థం ఉంటుంది, అది ఉన్నా ప్రోగ్రామ్ నడిచినంతవరకు నడుస్తుంది. లెక్క సగంలో ఆపిన పిల్లాడికి "ఇక్కడిదాకా కరెక్టే" అని చెప్పే టీచర్‌లా. మీకు ఇది బాగా నచ్చుతుందని నా నమ్మకం.

ప్రశ్న: ఇప్పుడు ఏఐ రాస్తుంటే నేను ట్యాబ్ నొక్కుతున్నాను. ఇక ఎడిటర్ డిజైన్‌లో మిగిలిందేముంది? (సీనియర్ ఇంజనీర్, డాలస్)

జవాబు: చదవడం మిగిలింది. అసలు పని అదే అని నేను గట్టిగా నమ్ముతాను. 2021లో కోపైలట్ అనే ఏఐ సహాయకుడు వచ్చాక బూడిద రంగులో ముందే కనిపించే సలహా మన చేతికి అలవాటైపోయింది. నేను ఒకసారి అలా ఒప్పుకున్న ఐదు లైన్లలో తేదీ పోలిక "కంటే తక్కువ" అని ఉంది, ఉండాల్సింది "తక్కువ లేదా సమానం". నెలాఖరు రోజు ఎంట్రీలు రిపోర్టులోంచి మాయమయ్యాయి, అది పట్టుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ ఐదు లైన్లు నేనే టైప్ చేసి ఉంటే ఆ గుర్తు దగ్గర చెయ్యి ఆగేది.

అందుకే ఇప్పుడు ఎడిటర్ మంచిదా కాదా అని చూడాలంటే, తెలియని కోడ్‌ని ఎంత త్వరగా అర్థమయ్యేలా చూపిస్తుందో చూడాలి. 2010లో బ్రౌన్ యూనివర్సిటీలో కోడ్ బబుల్స్ అని ఒకటి చేశారు. ఫైళ్లకి బదులు ఒక్కో ఫంక్షన్ ఒక్కో బుడగ, ఒకదాన్ని పిలిచే మరొకటి పక్కనే తెరుచుకుంటుంది, పనికి కావాల్సినవన్నీ ఒకే తెర మీద పరుచుకోవచ్చు. అది అప్పట్లో వాడుకలోకి పెద్దగా రాలేదు. ఇప్పుడు జెడ్‌లో మల్టీబఫర్ అనే సదుపాయం చూస్తే అదే గుర్తొస్తోంది: వేర్వేరు ఫైళ్లలోని ముక్కలు ఒకే చోట వరుసగా వస్తాయి, అక్కడే మార్చి సేవ్ చేయొచ్చు. ఏఐ ఎనిమిది ఫైళ్లలో మార్పులు చేసి పెట్టినప్పుడు ఎనిమిది ట్యాబులు తిప్పుకుంటూ కూర్చోవడం కన్నా ఇలా ఒకే కాగితంలా చదవడం చాలా నయం. రేపటినుంచి మీరు ట్యాబ్ నొక్కేముందు మార్పు జరిగిన ఫంక్షన్‌ని పిలిచే చోట్లన్నీ ఒకసారి ఇలా తెరిచి చూడండి.